నక్క నిన్ను చూసింది సరే, నువ్వు నక్కని చూశావా

చిన్నా,

నీ మెసేజ్ మొన్న రాత్రే చూశా, వెంటనే రిప్లై ఇవ్వలేదని ఏమనుకోకు, రెండు లైన్లలో తేలే విషయం కాదది, అందుకే ఇవాళ పనులన్నీ అయ్యాక కూర్చుని తీరిగ్గా టైప్ చేస్తున్నా. ఎడారిలో పొద్దు వాలాక తిరిగొస్తుంటే ఒక చిన్న నక్క దారి మధ్యలో ఆగి నిమిషం పైనే నన్ను చూసింది అత్తా, నేనూ కదల్లేదు అదీ కదల్లేదు, నాన్నేమో అనిపించింది, నాకేమైనా పిచ్చా అని రాశావు. పిచ్చేంటి రా. అన్నయ్య పోయి ఇంకా ఏడాది కూడా నిండలేదు. నాకే ఆదివారం పొద్దున ఫోన్ మోగితే అన్నయ్యే అనుకుని గబగబా వెళ్తా, సగం దూరం వెళ్లాక గుర్తొస్తుంది. కాబట్టి నీకు అలా అనిపించడంలో తప్పేం లేదు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

కానీ చివర్లో ఇంకో మాట రాశావు చూడు, వచ్చే నెల మళ్లీ అక్కడికే ఒక్కడినే వెళ్తా, ఈసారి కనిపిస్తే వెనకాలే వెళ్లి ఎక్కడికి తీసుకెళ్తుందో చూస్తా అని, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. వెళ్లొద్దని నేను చెప్పను, మీ మామయ్య పోయాక నన్ను మళ్లీ మనిషిని చేసింది ఎడారే, అలాంటిది నిన్నెలా ఆపుతా. ఇరవై రెండేళ్లుగా నడుస్తున్నా, అమెరికాలోని సోనోరన్, మొహావే ఎడారులు ఎక్కువ, థార్ ఒక రెండుసార్లు. జంతువులు కనిపించినప్పుడు మనసులో ఏం జరుగుతుందో నాకు తెలుసు, అందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవి నువ్వు చెయ్యకూడదనే ఇంత రాస్తున్నా.

ముందు వెనకాల వెళ్లే సంగతి తేల్చేద్దాం. వెళ్లొద్దు. ఎప్పుడూ వెళ్లొద్దు, నక్క అయినా, కొండగొర్రె అయినా, నీ పేరు పెట్టి పిలిచినా సరే. నక్కకి ఆ నేలంతా తెలుసు, దానికి చీకటి అంటే పగలు, నీ చేతిలో ఒక హెడ్‌ల్యాంప్ తప్ప ఏం లేదు. ట్రెయిల్ నుంచి నాలుగు పొదలు దాటి వెనక్కి తిరిగి చూస్తే అన్ని పొదలూ ఒకేలా ఉంటాయి, ఎండిన వాగులన్నీ ఒకేలా ఉంటాయి, ఏ వాగులోంచి వచ్చావో కూడా తెలీదు. ఏదో సైన్ కోసం వెతుక్కుంటూ వెళ్లే మనిషికి కాళ్ల కింద ఏముందో కనిపించదు రా, నాకు అనుభవం. బాధలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ, ఆకలి తెలీదు, దాహం తెలీదు, టైమ్ తెలీదు.

నీళ్ల లెక్క నీకు తెలిసే ఉంటుంది అయినా చెప్తా, రోజుకి కనీసం 4 లీటర్లు, ఎండ ముదిరి నడక ఎక్కువైతే గంటకి లీటరు దాకా కూడా అవుతుంది, వట్టి నీళ్లే తాగుతూ కూర్చోకు, ఉప్పున్నది ఏదైనా తింటూ ఉండు, లేదంటే ఒంట్లో ఉప్పు పడిపోయి అదో ప్రమాదం. సగం నీళ్లు అయిపోయాయంటే ఎక్కడున్నావో అక్కడే వెనక్కి తిరగాలి, ముందు ఎంత అద్భుతం కనిపిస్తున్నా సరే తిరగాలి. వేసవి అయితే పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నడక పెట్టుకోకు. వాగులో టెంట్ వెయ్యకు, నీ నెత్తి మీద మబ్బు లేకపోయినా ఎక్కడో దూరంగా కొండల్లో పడిన వాన ఆ వాగులోంచే గోడలా వచ్చేస్తుంది. ఏ దారిన వెళ్తున్నావో ఏ టైమ్‌కి బయటికొస్తావో వదినకి రాసి పెట్టు, నాకు కూడా పంపు, రాత్రి ఎనిమిది దాటాక నీ నుంచి మెసేజ్ రాకపోతే నేను ఊరుకోను. ఇంతే, ఇక నీళ్ల గురించి మాట్లాడను.

అయ్యో లేదు, నీళ్ల గురించే మాట్లాడాలి. తాబేలు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదా. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

మామయ్య పోయిన రెండో ఏడు, వసంతకాలం, మొహావేలో ఒక్కదాన్నే నడుస్తున్నా. అంతకుముందు రోజు రాత్రి టెంట్‌లో పడుకుని గట్టిగానే అనుకున్నా, ఎక్కడైనా ఉంటే ఏదో ఒకటి చూపించు అని. పొద్దున తొమ్మిదిన్నర అలా ఉంటుంది, ట్రెయిల్ పక్కన ఒక క్రియోసోట్ పొద, దాని కింద నీడలో రాయి లాగా ఉంది, దగ్గరికి వెళ్తే తాబేలు. ఎడారి తాబేలు. డిప్ప మీద గీతలు, చెట్టు నరికితే మొద్దులో వలయాలుంటాయి చూడు అలా ఒక్కో పలక మీద ఒకదానిలో ఒకటి, అంచులు అరిగిపోయి, ముందు కాళ్లు ఏనుగు కాళ్లని చిన్నగా చేసినట్టు పొలుసులు పొలుసులుగా. నోటికి పసుపు రంగు పూరేకు ఒకటి అంటుకుని ఉంది. మెల్లగా నములుతోంది. మామయ్య అలాగే తినేవాడు గుర్తుందా, అందరం లేచి చేతులు కడుక్కున్నా ఆయనది సగం కూడా అయ్యేది కాదు. అంతే, నేను మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేశా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆయనే వచ్చాడని అనుకున్నాక ముట్టుకోకుండా ఎలా ఉంటాం, రెండు చేతులతో పైకెత్తి ఒళ్లో పెట్టుకోబోయా, అది గబుక్కున తల లోపలికి లాక్కుంది, నా చేతుల మీదుగా నీళ్లు, చాలా నీళ్లు, మోచేతుల దాకా కారి ఇసకలో పడ్డాయి. పడ్డ రెండు క్షణాల్లో ఇసక తాగేసింది. నేను భయపడి కింద పెట్టేశా, అది కదలకుండా అలాగే ఉండిపోయింది, నేను కూడా కాసేపు చూసి, దణ్ణం పెట్టుకుని, మనసు తేలికై, నిజం చెప్తున్నా ఎంతో తేలికై వచ్చేశా.

సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక పెద్దావిడకి ఈ సంగతంతా ఆనందంగా చెప్పా, ఆవిడ ఎన్నో ఏళ్లుగా అక్కడి తాబేళ్లని చూస్తున్న మనిషి. ఆవిడ నన్ను మధ్యలో ఆపలేదు, అంతా విని, చివర్లో మెల్లగా అంది, ఆ కారిపోయింది మామూలు మూత్రం కాదమ్మా, దాని దాచుకున్న నీళ్లు అని. వాన పడినప్పుడు తాగి మూత్రాశయంలో నిలవ చేసుకుంటుందట, మళ్లీ వాన పడే దాకా నెలల తరబడి అందులోంచే ఒంట్లోకి తీసుకుంటూ బతుకుతుందట. ఎవరైనా ఎత్తితే భయానికి వదిలేస్తుంది. ఎండాకాలం ముందు అలా జరిగితే అది చచ్చిపోవచ్చు కూడా. ఆ తాబేళ్లకి అమెరికాలో 1990 నుంచి చట్టపరంగా రక్షణ ఉంది, ముట్టుకోవడమే నేరం, అదీ నాకు అప్పటిదాకా తెలీదు.

మర్నాడు వెళ్లా, ఆ మర్నాడూ వెళ్లా. పొద కింద లేదు. అవి బతుకులో నూటికి తొంభై అయిదు పాళ్ల దాకా బొరియల్లోనే ఉంటాయి కాబట్టి కనపడకపోవడం వింతేం కాదు, బతికుందనీ చెప్పలేను పోయిందనీ చెప్పలేను. కానీ చిన్నా, నాకో అర్థం దొరకాలని, నా మనసు నిండాలని, దాని నీళ్లు నేను ఒలకబోశా. ఇది తల్చుకోకుండా నేను ఇప్పటిదాకా ఏ ట్రెయిల్ మీదా అడుగు పెట్టలేదు.

నీ నక్క గురించి నాకున్న భయం ఇదే రా. అది నాన్నా కాదా అని నేను తేల్చను, నాకా హక్కు లేదు, నీకు ఆ నిమిషంలో ఏమనిపించిందో అది నీది. నేను అడిగేది ఒక్కటే, నాన్న కావడానికి ముందు దాన్ని నక్కగా చూడు. దానికో పని ఉంది, ఆకలి ఉంది, భయం ఉంది, నువ్వు రాకముందు ఏదో చేస్తూ ఉంది, నువ్వు వెళ్లాక మళ్లీ అదే చేసుకుంటుంది. దాని సంగతి ముందు తెలుసుకుంటే నీ సంగతి దానంతట అదే బయటికొస్తుంది. నా అనుభవంలో తిరగేసి చేసినప్పుడల్లా నేను చూసింది నన్నే, జంతువుని కాదు.

ఎలా చూడాలి అంటావు. కూర్చో. ఇదే మొదటిది, నిజానికి సగం ఇదే. ట్రెయిల్ మీద టకటకా నడిచేవాడికి ఎడారి ఖాళీగా కనిపిస్తుంది, ఎందుకంటే నీ అడుగుల చప్పుడుకి అన్నీ దాక్కుంటాయి. ఎక్కడైనా నీడ చూసుకుని, కూర్చునే ముందు రాళ్ల సందులు, పొదల కింద ఒకసారి చూసుకుని, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చో. ఫోన్ బ్యాగ్‌లో పెట్టెయ్. మొదటి పది నిమిషాలు నీ ఆలోచనలే ఉంటాయి, ఆఫీసు, అప్పు, హాస్పిటల్‌లో చివరి రోజులు, అన్నీ వస్తాయి, రానీ. ఆ తర్వాత ముందుగా చిన్న తొండలు బయటికొస్తాయి, తర్వాత పిట్టలు. ఒకసారి నేనలా కూర్చుంటే నా ఎదురుగా పదడుగుల్లో ఒక జాక్‌రాబిట్ అంతసేపూ ఉందని పావుగంటకి గానీ తెలీలేదు, చెవులపిల్లి జాతే కానీ ఆ చెవులు చూడాలి, ఎండ వెనక నుంచి పడుతుంటే పల్చటి ఆకుల్లా గులాబీ రంగులో వెలుగుతున్నాయి, అందులో నరాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ఆ నరాల్లో రక్తం పారుతూ ఒంట్లో వేడిని గాలికి వదిలేస్తుంది. నీడలో కదలకుండా కూర్చుని చెవులతో చల్లబడుతోంది అది. ఆ రోజు దాని నుంచి నాకు ఏ సందేశమూ రాలేదు. కానీ దాన్ని చూస్తున్న ఆ పావుగంటలో నా ఊపిరి నెమ్మదైంది, మామయ్య పోయాక అంతసేపు ఏ బరువూ లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

దూరం పాటించు. చెయ్యి బాగా చాచి బొటనవేలు ఎత్తి ఒక కన్ను మూసి చూడు, జంతువు మొత్తం ఆ వేలి వెనక దాక్కోవాలి, వేలు పక్కల నుంచి కనిపిస్తోందంటే నువ్వు ఎక్కువ దగ్గరున్నట్టు. ఇంకా సులువైన గుర్తు, నిన్ను చూశాక అది చేస్తున్న పని ఆపేసిందంటే, తింటున్నది తల ఎత్తిందంటే, పడుకున్నది లేచిందంటే, నువ్వు వెనక్కి జరగాలి. నీటి గుంట కనిపిస్తే దాని పక్కనే టెంట్ వేసుకోవాలనిపిస్తుంది, అస్సలు వద్దు, కనీసం 60 మీటర్లు, వీలైతే ఇంకా దూరం, ఆ చుట్టుపక్కల జంతువులన్నీ రాత్రి అక్కడికే రావాలి, నువ్వున్నావని అవి దాహంతో వెనక్కి పోతాయి, నీకు తెలియను కూడా తెలీదు. తినడానికి ఏదీ వెయ్యకు, బిస్కెట్ ముక్క కూడా. దగ్గరికొస్తే ఎంత ముద్దుగా ఉంటుందో నాకు తెలుసు, కానీ మనిషికి అలవాటు పడిన నక్క ఎక్కువ రోజులు బతకదు.

ఇక పాము. రాటిల్‌స్నేక్, అంటే తోక ఆడించి చప్పుడు చేసే విషపు పాము, ఎదురైతే ఏం చెయ్యాలో అందరూ చెప్తారు, ఏమనిపిస్తుందో ఎవరూ చెప్పరు. నాకు నాలుగుసార్లు ఎదురైంది. ఆ చప్పుడు గిలక్కాయలా ఉంటుందంటారు కానీ కాదు, నూనెలో నీటిబొట్లు పడితే చిటపటలాడుతుంది చూడు, అది ఆగకుండా పెద్దగా సాగినట్టు ఉంటుంది, ఎటు నుంచి వస్తోందో ముందు తెలీదు, అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టు ఉంటుంది. గెంతకు. ఆగు, కళ్లతో వెతుకు, కనిపించాక మెల్లగా వెనక్కి జరుగు, రెండు మీటర్లకి పైన దూరం ఉంటే అది నీ జోలికి రాదు. ప్రతిసారీ చప్పుడు చేస్తుందన్న నమ్మకం పెట్టుకోకు, కొన్ని ఊరికే పడుకుని ఉంటాయి, కాబట్టి చూడని చోట చెయ్యి పెట్టకు, కాలు పెట్టకు. ఒకవేళ కాటు పడితే కొయ్యడాలు, నోటితో పీల్చడాలు, గుడ్డ బిగించి కట్టడాలు, ఐసు పెట్టడాలు ఏవీ వద్దు, ఉంగరం వాచీ తీసేసి, ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, ఎంత త్వరగా హాస్పిటల్‌కి చేరితే అంత మంచిది, మందు అక్కడే ఉంది.

రెండోసారి ఎదురైన పాము దగ్గర నాకు ఒకటి తట్టింది. అది నన్ను కాటెయ్యాలనుకోవట్లేదు, నేను దాని తిండిని కాదు, నా మీద విషం ఖర్చుపెట్టడం దానికి నష్టం. ఇంకా దగ్గరికి రాకు అని చెప్తోంది, అంతే. అంత స్పష్టంగా, అంత ముందుగా, కోపం లేకుండా. మామయ్య పోయాక నేను ఎవరితోనూ అలా చెప్పలేకపోయా చిన్నా, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి అనేవాళ్లు, నేను తలూపేదాన్ని, లోపల కుళ్లి కుళ్లి ఏడ్చేదాన్ని. ఆ ట్రిప్ నుంచి వచ్చాక మొదటిసారి ఒకావిడతో అన్నా, దాని గురించి ఇప్పుడు మాట్లాడొద్దండి అని. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఇది పాము నాకిచ్చిన సందేశమని నేను అనను, పాము పాము పని చేసుకుంది, కానీ అది ఎందుకలా చేస్తుందో తెలిసినందువల్లే నాకు ఆ మాట దొరికింది.

తెలుసుకోవడం అంటే పుస్తకాల చదువు అనుకోకు, చదివాక చూస్తే చూపే మారిపోతుంది. నాకు షుగర్ కదా, కొన్నేళ్లు ఎక్సెనటైడ్ అని ఒక ఇంజెక్షన్ రోజుకి రెండుసార్లు పొట్టకి చేసుకునేదాన్ని, మామయ్యే సూది పట్టుకునేవాడు మొదట్లో, నాకు భయం. ఆ మందు ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసా, గిలా మాన్‌స్టర్ అని సోనోరన్ ఎడారిలో ఉండే విషపు బల్లి, మన ఉడుములా మందంగా ఉంటుంది. జాన్ ఎంగ్ అనే డాక్టరు 1990ల మొదట్లో దాని విషంలో ఒక పదార్థం కనిపెట్టాడు, దాన్నే ల్యాబ్‌లో తయారు చేసి 2005లో మందుగా అనుమతించారు. ఇదంతా తెలిశాక మూడేళ్లకి ఒక పొద్దున నిజంగా ఒకటి కనిపించింది, అదృష్టం, చాలామంది ఏళ్ల తరబడి తిరిగినా చూడరు, అవీ ఎక్కువగా నేల కిందే ఉంటాయి. నల్లపూసలూ నారింజ పూసలూ కలిపి అల్లినట్టు చర్మం, లావుపాటి తోక, అందులో కొవ్వు దాచుకుని తిండి లేకుండా నెలలు గడుపుతుంది. నాలుక బయటికి తీస్తూ లోపలికి లాక్కుంటూ మెల్లగా దారి దాటింది. నేను దూరంగా నిలబడి చూస్తున్నా. నా ఒంట్లోకి అన్నేళ్లు వెళ్లిన మందు, మామయ్య చేతులు వణక్కుండా పట్టుకున్న ఆ సూది, దాని మొదలు ఇక్కడ ఇలా ఇసక మీద నడుచుకుంటూ పోతోంది. ముట్టుకోలేదు, ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. ఏదీ కోరకుండా నాకు దొరికిన అర్థం అది, తాబేలు దగ్గర బలవంతంగా లాక్కున్నదానికీ దీనికీ ఎంత తేడానో నీకు తెలుస్తోంది కదా.

కాబట్టి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో, జేబులో పట్టేది, పెన్సిల్‌తో, ఎండకి పెన్నులు సతాయిస్తాయి. ఏది కనిపించినా ముందు కళ్లతో చూసినంతే రాయి, టైమ్ ఎంత, వెలుగు ఎటు నుంచి, గాలి ఎటు, ఎంత దూరంలో, అది మొదట ఏం చేస్తోంది, నిన్ను చూశాక ఏం చేసింది, ఎటు వెళ్లింది. నాకు అనిపించింది అనే మాట ఆ పేజీలో రాకూడదు. ఎదురు పేజీ ఖాళీగా వదిలెయ్. ఇంటికొచ్చాక వారం ఆగి, కుదిరితే నెల ఆగి, అప్పుడు ఆ ఖాళీ పేజీలో రాసుకో ఏమనిపించిందో. వెంటనే రాస్తే ఏమవుతుందంటే, అక్కడికి ఏ బాధ మోసుకెళ్లావో అదే రాస్తావు, జంతువు పేరు మారుతుంది అంతే. నా దగ్గర అలాంటి నోట్‌బుక్‌లు పదకొండు ఉన్నాయి, ఎదురు పేజీలు సగానికి పైగా ఇప్పటికీ ఖాళీనే. ఖాళీగా ఉండనివ్వు, అన్నీ మన కోసం కాదు.

ఫోటో గురించి కూడా ఒక మాట, తీసుకో, కానీ మొదటి నిమిషం తియ్యకు. ఆ మొదటి నిమిషం మళ్లీ రాదు, నీ ఫోన్‌లో ఎలాగూ అది గోధుమరంగు మచ్చలాగే వస్తుంది.

కొన్నిసార్లు మూడు రోజులు నడిచినా ఏదీ కనిపించదు. నిరాశ పడతావు, ముఖ్యంగా నువ్వు, ఎందుకంటే ఎదురుచూస్తూ వెళ్తున్నావు. అలాంటప్పుడు నేల చూడు. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఇసక మీద రాత్రంతా ఏం జరిగిందో రాసి ఉంటుంది. పేడపురుగు నడిచిన సన్నటి కుట్టు లాంటి గీత, ఎలుక గెంతిన జంట చుక్కలు, పాము పక్కకి జారిన వంకరలు. కంగారూ ఎలుక జాడ కనిపిస్తే కాసేపు ఆగు, గుప్పెట్లో పట్టేంత ప్రాణి, చాలావరకు నీళ్లు తాగకుండానే బతికేస్తుంది, తిన్న ఎండు గింజల్లోంచే ఒంట్లో నీళ్లు తయారు చేసుకుంటుంది, పాము వస్తే వెనక కాళ్లతో నేల మీద డప్పు కొట్టినట్టు కొడుతుంది. రోడ్‌రన్నర్ జాడ ఇంకా విచిత్రం, ఆ పిట్టకి రెండు వేళ్లు ముందుకీ రెండు వెనక్కీ ఉంటాయి, అందుకని అడుగు పడితే ఇంటూ గుర్తులా ఉంటుంది, ఎటు నుంచి వచ్చిందో ఎటు వెళ్లిందో తేల్చడం కష్టం. అక్కడి మూలవాసులైన ప్యూబ్లో ప్రజలు ఆ గుర్తుని దుష్టశక్తులు వెంటపడకుండా వాడుకునేవాళ్లు, దారి తప్పుతాయని. మామయ్య పోయిన మొదటి ఏడాది నేను ఆ జాడ ముందు చాలాసేపు నిలబడ్డా. వెంట వెళ్లడానికి లేదు, వెనక్కి వెళ్లడానికీ లేదు, ఇక్కడ అడుగేసింది అన్నది మాత్రం నిజం. ఆ పేజీ ఎదురు పేజీలో నాలుగేళ్ల తర్వాత రాసుకున్నా, ఏం రాశానో నువ్వు వచ్చినప్పుడు చూపిస్తా.

రాత్రి వినడం కూడా అలవాటు చేసుకో. కయోటీలు, అంటే అక్కడి చిన్న తోడేళ్ల లాంటివి, రెండే ఉంటాయి, అరుస్తుంటే పదిహేను ఉన్నట్టు వినిపిస్తుంది, బెదిరిపోకు. వేసవి తొలి వాన రాత్రి అక్కడ ఉండే భాగ్యం ఎప్పుడైనా దొరికితే వదులుకోకు. స్పేడ్‌ఫుట్ అనే కప్పలు ఏడాదిలో చాలా నెలలు మట్టి కిందే కప్పెట్టుకుని ఉంటాయి, వాన దరువు నేల లోపలికి తెలియగానే లేస్తాయి, నీళ్లు నిలిచిన గుంటల దగ్గర ఒక జాతి అయితే అచ్చం గొర్రెపిల్ల తప్పిపోయి అరిచినట్టు అరుస్తాయి, వాటి పిల్లలు ఆ గుంట ఎండేలోపు, రెండు వారాల లోపే, తోకలు పోయి కప్పలైపోవాలి. అంత గోల అంత పొడినేల కింద ఉందని పగలు చూస్తే ఎవరూ నమ్మరు. నేను తడుస్తూ టార్చ్ ఆర్పేసి తెల్లారే దాకా విన్నా.

ఇక నీ నక్క దగ్గరికి వద్దాం. నువ్వు చెప్పిన సైజు, ఆ పెద్ద చెవులు చూస్తే అది కిట్ ఫాక్స్ అయ్యుంటుంది, రెండు కేజీలు ఉంటుందేమో అంతే, పెంపుడు పిల్లి కంటే తక్కువ. పగలంతా బొరియలో పడుకుంటుంది, పొద్దు వాలాక బయటికొస్తుంది, అరికాళ్ల కింద కూడా బొచ్చు ఉంటుంది, ఇసక కాలకుండా, జారకుండా. ఆ చెవులు ఎలుక మట్టిలో కదిలినా పట్టేస్తాయి. నువ్వు చూసింది ఏప్రిల్‌లో అన్నావు. చలికాలం చివర పిల్లలు పుడతాయి, ఏప్రిల్‌కి అవి బొరియ నోటి దగ్గరికి వచ్చి ఆడుకునే వయసు. తల్లి పాలిచ్చే రోజుల్లో బొరియ వదిలి పెద్దగా కదలదు, తండ్రే తిరిగి తిరిగి తిండి తెస్తాడు.

నీకు ఊరట కలగాలని ఈ మాట చెప్పట్లేదు, నక్కల బతుకు అది కాబట్టి చెప్తున్నా. అది అక్కడ ఆగి నిన్నే చూసిందంటే, బహుశా నువ్వు దానికీ దాని బొరియకీ మధ్యలో నిలబడి ఉండొచ్చు. నువ్వు కదిలే దాకా అది ఇంటికి వెళ్లలేదు, ఇల్లు ఎక్కడుందో నీకు తెలియనివ్వదు. అలా అయితే ఆ నిమిషం నీకు ఎంత పెద్దదో దానికీ అంతే పెద్దది, వేరే కారణానికి. అందుకే వెనకాల వెళ్లొద్దన్నా. ఈసారి కనిపిస్తే చూస్తూనే మెల్లగా పక్కకి జరిగి దారి ఇవ్వు, ఏం చేస్తుందో చూడు.

బయల్దేరే ముందు నా కోసం ఒక పని చెయ్. ఆ సాయంత్రం ఇంకా మర్చిపోక ముందే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసేయ్, వెలుగు ఎటుంది, ఎన్ని అడుగుల దూరం, చెవులు రెండూ నీ వైపే ఉన్నాయా లేక ఒకటి పక్కకి తిరిగి ఉందా, నోట్లో ఏమైనా పట్టుకుని ఉందా. సరిగ్గా గుర్తు తెచ్చుకుని నాకూ రాయి, ఎదురుచూస్తుంటా.

మీ అత్త